జియోఫిజిక్స్ పీహెచ్‌డీ పోస్టు: దరఖాస్తు నుంచి వీసా దాకా విశాఖలో నా అనుభవం

నెదర్లాండ్స్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో భూఉష్ణ శక్తి (భూమి లోపలి వేడి నుంచి తీసే శక్తి) మీద పీహెచ్‌డీ పోస్టుకి 2025 జనవరి చివర్లో దరఖాస్తు పెట్టాను. ఆగస్టు మూడో వారంలో వీసా అంటించిన పాస్‌పోర్టు కొరియర్‌లో విశాఖకి వచ్చింది. ఈ మధ్యలో ఏం జరిగింది, ఎక్కడెక్కడ ఆగాల్సి వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది వరసగా రాస్తున్నాను. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ అయ్యాక చమురు కంపెనీ, భూగర్భజల శాఖ తప్ప ఇంకో దారి లేదనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లకి ఇది ఉపయోగపడాలని నా కోరిక.

అక్కడ పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగం. మొత్తం నాలుగేళ్లు. మొదట ఏడాదిన్నరకి కాంట్రాక్టు ఇచ్చి, పని చూసి మిగతా కాలానికి పొడిగిస్తారు. జనవరి ప్రకటనలో మొదటి ఏడాది నెల జీతం 2,901 యూరోలు, నాలుగో ఏడాదికి 3,707 అని ఉంది. పన్ను ఇంకా మినహాయించని లెక్క ఇది. జూలైలో అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ జీతాలు పెరగడంతో నాకు సవరించిన కాగితం వచ్చింది, అందులో మొదటి ఏడాది 3,059 అయింది. దీని మీద మే నెలలో 8 శాతం సెలవు భత్యం, ఏడాది చివర 8.3 శాతం బోనసు ఉంటాయి. ఉద్యోగం కాబట్టి ఎంపిక కూడా ఉద్యోగానికి చేసినట్టే చేస్తారు. ఉన్నది ఒకే పోస్టు, దానికో ప్రాజెక్టు, దాన్ని నడిపే ప్రొఫెసరు. మెరిట్ లిస్టు వేసి పైనుంచి పిలుచుకుంటూ రావడం ఉండదు. మన మార్కుల శాతం గురించి చివరిదాకా ఎవరూ మాట్లాడలేదు.

పని ఏమిటంటే, భూఉష్ణ బావుల్లోకి నీళ్లు పంపినప్పుడు చుట్టూ ఉన్న రాళ్లలో పుట్టే సూక్ష్మ భూకంపాలను బావిలోకి దించిన ఫైబర్ ఆప్టిక్ కేబుల్‌తో పసిగట్టడం, పంపింగ్ ఎప్పుడు తగ్గించాలో దాన్నిబట్టి చెప్పగలగడం.

దరఖాస్తు రుసుము లేదు. పోర్టల్‌లో అడిగినవి రెండు పేజీల సీవీ, ఒక పేజీ ఉత్తరం, మార్కుల మెమోలు, ఎమ్మెస్సీ థీసిస్ సారాంశం, ఇద్దరు రిఫరీల (మన పని గురించి చెప్పగల అధ్యాపకుల) వివరాలు. ప్రకటనని రెండు మూడుసార్లు చదివితే అందులో రెండు రకాల అర్హతలు కనిపిస్తాయి: తప్పక ఉండాల్సినవి, ఉంటే మంచివి. ఫైబర్ కేబుల్ అనుభవం రెండో రకంలో ఉంది. తరంగ ప్రసారం మీద పట్టు, ప్రోగ్రామింగ్, ఇంగ్లీషులో రాయగలగడం మొదటి రకంలో ఉన్నాయి. ఉత్తరం మొత్తం ఆ మొదటి మూడింటి చుట్టూనే రాశాను. ప్రోగ్రామింగ్ వచ్చు అని రాసి వదిలేయకుండా, పైథాన్‌లో ఒబ్‌స్పై లైబ్రరీతో భూకంప రికార్డుల నుంచి పి-తరంగాల (అన్నిటికంటే ముందు చేరే భూకంప తరంగాల) రాకను గుర్తించే నోట్‌బుక్ లింకు ఇచ్చాను. ఇంటర్వ్యూలో తెలిసింది, వాళ్లు దాన్ని నిజంగానే తెరిచి చూశారు.

మార్కుల మెమో ముందు పేజీ ఒక్కటే స్కాన్ చేసి పెడితే చాలదు. పది పాయింట్ల గ్రేడింగ్ వివరణ వెనక పేజీలో ఉంటుంది, అది లేకపోతే 8.1 సీజీపీఏ అంటే ఎంతో అక్కడివాళ్లకి అర్థం కాదు. రిఫరీల మెయిల్ ఐడీ కూడా విశ్వవిద్యాలయానిదే అయ్యుండాలి, జీమెయిల్ ఐడీ ఇస్తే పోర్టల్ తీసుకోలేదు. మా మేడమ్‌ని అడిగితే, "నా పేరు ఇచ్చుకోమ్మా, కానీ ఆ మెయిల్ నేను రోజూ చూడను. వాళ్లు రాసినట్టు తెలిస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యి" అన్నారు. ఈ మాట దరఖాస్తు పెట్టకముందే మాట్లాడుకోవడం ఎంత మేలు చేసిందో ఏప్రిల్‌లో తెలిసింది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినట్టు కాలేజీ ఇచ్చే ఉత్తరం కొన్ని చోట్ల సరిపోతుంది, ఇక్కడ ఐఈఎల్‌టీఎస్ అడిగారు. విశాఖలోనే రాయొచ్చు, అప్పటికి ఫీజు 17 వేలు. మొత్తం ప్రక్రియలో ఒకేసారి చేతినుంచి పోయిన పెద్ద మొత్తాల్లో ఇదొకటి, అదీ పోస్టు వస్తుందో రాదో తెలియకుండానే.

గడువు ఫిబ్రవరి 16. దరఖాస్తు అందిందని యంత్రం పంపే మెయిల్ నేను పెట్టిన రోజే వచ్చింది. తర్వాత మార్చి 12 దాకా ఒక్క ముక్క లేదు. గడువు పూర్తయ్యేవరకూ దరఖాస్తులు తెరవరు, తెరిచాక మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇది తెలియక నేను ఆ రోజులన్నీ స్పామ్ ఫోల్డరు వెతుకుతూ గడిపాను. మధ్యలో అడుగుతూ మెయిల్ పెట్టాల్సిన అవసరం లేదు. నెల దాటితే మర్యాదగా ఒక్కసారి అడగొచ్చు.

మొదటి ఇంటర్వ్యూ మార్చి 20, వాళ్ల టైం ఉదయం 10 గంటలకి. మనకి మధ్యాహ్నం 2.30. రెండోది ఏప్రిల్ 10, అదీ వాళ్ల టైం ఉదయం 10కే, కానీ మనకి 1.30. మార్చి చివరి ఆదివారం యూరప్‌లో గడియారాలు గంట ముందుకి జరుగుతాయి కాబట్టి తేడా నాలుగున్నర గంటల నుంచి మూడున్నరకి తగ్గుతుంది. మొదటిసారి లెక్కని గుర్తుపెట్టుకుని రెండోసారి 2.30కి కూర్చుంటే ఇంటర్వ్యూ అయిపోయి ఉంటుంది. కేలండర్ ఆహ్వానం పంపుతారు, దాన్ని ఫోన్‌లో అంగీకరిస్తే టైం అదే మారుతుంది. ఇంట్లో కరెంటు పోతే ఇబ్బంది లేకుండా రౌటర్‌ని ఇన్వర్టర్‌కి తగిలించి, మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకున్నాను.

మొదటిది అరగంట. ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించే ముప్పాతిక భాగం. నాది ఆనందపురం వైపు భూగర్భజలం కోసం చేసిన రెసిస్టివిటీ సర్వే, అంటే నేలలోకి కరెంటు పంపి దాన్ని ఏ పొర ఎంత అడ్డుకుంటుందో కొలవడం. ష్లంబర్జర్ అనే పద్ధతిలో ఎలక్ట్రోడ్లని మధ్య నుంచి అటు వంద మీటర్లు, ఇటు వంద మీటర్ల దాకా జరుపుతూ చేసిన సౌండింగ్‌లు (లోతు కొలతలు) అవి. భూఉష్ణ శక్తికీ దీనికీ సంబంధం లేదని దీన్ని సీవీలో దాచేసే వాళ్లని చూశాను. దాచనక్కర్లేదు. వాళ్లు అడిగిన ప్రశ్న ఇది: "మధ్యలో 10 మీటర్ల మందం, 20 ఓమ్-మీటర్ల పొర ఉందని రాశావు. అదే 5 మీటర్ల మందం, 10 ఓమ్-మీటర్లు ఎందుకు కాకూడదు?" నిజానికి కావచ్చు. పైనా కిందా రెసిస్టివిటీ ఎక్కువున్న పొరల మధ్య తక్కువున్న పొర చిక్కితే, పైనుంచి కొలిచినప్పుడు మందాన్ని రెసిస్టివిటీతో భాగిస్తే వచ్చే విలువ మాత్రమే తేలుతుంది, విడివిడిగా రెండూ తేలవు. పైన చెప్పిన రెండు జతల్లోనూ ఆ విలువ 0.5 సీమెన్సే. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన కొండల్లో ఉండే కొండలైట్ అనే రాయి కుళ్లితే బంకమట్టిగా మారుతుంది, ఆ మట్టి రెసిస్టివిటీ కూడా నీళ్లున్న పొరలాగే తక్కువ చూపిస్తుంది. అందుకే దగ్గర్లో తవ్విన బోర్ల వివరాలు తెచ్చుకుని వాటి ప్రకారం మందాన్ని ఖాయం చేశామని చెప్పాను. ఆ జవాబు తర్వాత గది వాతావరణం మారింది, తర్వాతి ప్రశ్నలు తోటి పనివాడితో మాట్లాడినట్టు వచ్చాయి. నేను గమనించినంతలో ఈ రంగంలో ఎంపిక చేసేవాళ్లు వెతికేది ఇదే: నీ జవాబు ఎంతవరకు నమ్మొచ్చో, ఎక్కడి నుంచి నమ్మకూడదో నువ్వు చెప్పగలవా?

మరుసటి రోజే మెయిల్‌లో ఒక పని వచ్చింది, గడువు వారం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే రకరకాల పోస్టులకి ఇలాంటి పనే ఇస్తున్నారు.

ఒక ఫైల్‌లో కొన్ని వేల చిన్న భూకంపాల జాబితా: సమయం, స్థానం, మాగ్నిట్యూడ్. ఇంకో ఫైల్‌లో పంపు రికార్డు: ఏ నిమిషానికి ఎన్ని లీటర్లు లోపలికి పంపారో. అడిగినవి మూడు. ఏ మాగ్నిట్యూడ్ నుంచి జాబితా పూర్తిగా ఉంది? బి-విలువ ఎంత, అందులో అనిశ్చితి ఎంత? పంపింగ్‌కీ భూకంపాలకీ సంబంధం ఏమిటి?

చిన్న భూకంపాలు ఎక్కువ, పెద్దవి తక్కువ అన్న నిష్పత్తిని చెప్పేది బి-విలువ. సూత్రం సులువే: 0.4343ని, సగటు మాగ్నిట్యూడ్‌లోంచి కనిష్ఠ మాగ్నిట్యూడ్ (జాబితా ఎక్కడి నుంచి పూర్తిగా ఉందో ఆ హద్దు) తీసేస్తే వచ్చినదానితో భాగించాలి. కానీ జాబితాలో మాగ్నిట్యూడ్‌లు ఒక దశాంశ స్థానానికి కుదించి రాసి ఉంటాయి. 0.5 అని రాసి ఉన్నది నిజానికి 0.45 నుంచి 0.55 దాకా ఏదైనా కావచ్చు. కాబట్టి కనిష్ఠం 0.5 బదులు 0.45 తీసుకోవాలి. ఉదాహరణకి సగటు 0.9 అనుకుందాం. సవరణ లేకుండా చేస్తే 0.4343ని 0.4తో భాగించి 1.09 వస్తుంది. సవరిస్తే 0.45తో భాగించి 0.97. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, దీన్నే పెద్ద మాగ్నిట్యూడ్‌ల దాకా పొడిగించి అంచనా వేస్తే ప్రమాదం ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. నాలుగు వందల భూకంపాలతో చేస్తే అనిశ్చితి సుమారుగా 0.97ని 20తో భాగించినంత, అంటే 0.05. ఈ ప్లస్ ఆర్ మైనస్ లేకుండా బి-విలువ రాస్తే వాళ్ల దృష్టిలో జవాబు రాయనట్టే.

కనిష్ఠ మాగ్నిట్యూడ్ తేల్చడంలోనూ తిరకాసు ఉంది. గ్రాఫ్‌లో ఎక్కువ భూకంపాలు ఎక్కడున్నాయో చూసి అదే తీసుకోవడం అందరూ చేసే పని, కానీ అది అసలుకంటే తక్కువ చూపిస్తుంది. దానికి 0.2 కలపడం వాడుక. అంతేకాదు, పగలూ రాత్రీ విడగొట్టి చూస్తే పగలు ట్రాఫిక్ రొద వల్ల చిన్నవి దొరకవు. రెండింటినీ కలిపి చేస్తే పగటి లోటు రాత్రి లెక్కలో కలిసిపోతుంది. విడివిడిగా చేసి రెండూ చూపించాను.

అన్నిటికంటే పెద్ద మెలిక మూడో ప్రశ్నలో ఉంది. రెండు ఫైళ్లనీ ఒకే గ్రాఫ్ మీద వేస్తే పంపు మొదలవకముందే భూకంపాలు మొదలైనట్టు కనిపిస్తుంది. భూకంపాల సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంటుంది, పంపు రికార్డు స్థానిక కాలమానంలో ఉంటుంది. దాన్ని ఎక్కడా రాయలేదు, కావాలనే రాయలేదనుకుంటాను. సరిచేశాక పంపింగ్ పెరిగిన కొన్ని గంటలకి భూకంపాలు పెరగడం, ఆపాక కూడా కొంతకాలం కొనసాగడం చక్కగా కనిపించింది. పారిశ్రామిక డేటాతో పనిచేసే వాళ్లెవరైనా మొదట చూడాల్సింది ఇదే.

కోడ్‌తో పాటు ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసిన ఫైల్, యాదృచ్ఛిక సంఖ్యలకి వాడిన సీడ్ (మళ్లీ నడిపినా అవే సంఖ్యలు వచ్చేలా ఇచ్చే మొదటి అంకె) కూడా పంపాను. రెండో ఇంటర్వ్యూలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థి నా కోడ్‌ని తన కంప్యూటర్లో నడిపి వచ్చాడు. అదే జవాబు వచ్చిందని ముందే చెప్పాడు.

రెండో ఇంటర్వ్యూ గంటసేపు. ప్రొఫెసరు, ఇంకో అధ్యాపకురాలు, ఆ విద్యార్థి, హెచ్ఆర్ నుంచి ఒకరు. మొదటి పావుగంట నా ప్రదర్శన, మిగతాదంతా ప్రశ్నలు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006 డిసెంబరు 8న 3.4 మాగ్నిట్యూడ్ భూకంపం నీటి పంపింగ్ ఆపేసిన కొన్ని గంటల తర్వాత వచ్చింది. దక్షిణ కొరియాలోని పొహాంగ్‌లో 2017 నవంబరు 15న వచ్చిన భూకంపం చివరిసారి నీళ్లు పంపిన దాదాపు రెండు నెలల తర్వాత వచ్చింది, చాలా నష్టం చేసింది. ఆపాక ఎందుకు వచ్చాయి? ఇదీ ప్రశ్న. లోపల పెరిగిన నీటి పీడనం ఆగకుండా పాకుతూనే ఉంటుంది, అది చేరినచోట పగులు జారడానికి సిద్ధంగా ఉంటే జారుతుంది అన్నాను. "ఎంత దూరం పాకుతుంది? లెక్కకట్టు" అన్నారు. తెర మీద వైట్‌బోర్డు ఇచ్చారు. పీడనం ముందంజ వేసే దూరం 4, π, డి, టి లను గుణిస్తే వచ్చేదానికి వర్గమూలం. టి అంటే గడిచిన కాలం. డి అంటే వ్యాపన గుణకం, రాతిలో పీడనం ఎంత త్వరగా పాకుతుందో చెప్పే అంకె, సెకనుకి 0.05 చదరపు మీటర్లు అనుకోమన్నారు. వారానికి లెక్కకడితే సుమారు 600 మీటర్లు. రెండు నెలలకి 1.8 కిలోమీటర్లు. కాలం ఎనిమిదిన్నర రెట్లు పెరిగితే దూరం మూడు రెట్లే పెరిగింది. "అయితే పంపు ఆపగానే ట్రాఫిక్ లైట్ పద్ధతి పని అయిపోయినట్టేనా?" అని అడిగారు. ఆ పద్ధతిలో మాగ్నిట్యూడ్ ఒక హద్దు దాటితే పంపింగ్ తగ్గిస్తారు, ఇంకో హద్దు దాటితే ఆపేస్తారు. ఆపాక వచ్చే భూకంపాన్ని అది ఆపలేదు, కాబట్టి హద్దుల్ని ఆ మేరకి ముందే కిందికి దించి పెట్టాలి అన్నాను. ఇక్కడ కంఠతా పట్టిన జవాబు నిలవదు. ప్రతి జవాబు వెనకా ఇంకో ప్రశ్న ఉంటుంది.

ఫైబర్ మీద ఒకటే అడిగారు. నిలువుగా దించిన కేబుల్‌కి పక్కనుంచి, అడ్డంగా పి-తరంగం వస్తే ఏమవుతుంది? కేబుల్ తన పొడవు వెంట సాగడాన్నే కొలుస్తుంది. పి-తరంగానికి దాని స్పందన, తరంగానికీ కేబుల్‌కీ మధ్య కోణపు కోసైన్ వర్గం లెక్కన ఉంటుంది కాబట్టి, లంబంగా వచ్చిన పి-తరంగం దాదాపు కనిపించదు. ఇది తెలిస్తే చాలు, అనుభవం లేకపోయినా.

నన్ను బాగా కదిలించిన ప్రశ్న చివర్లో వచ్చింది. బావి చుట్టుపక్కల ఊరివాళ్లు భయపడుతుంటే వాళ్లతో ఏం మాట్లాడతావు? ఆ దేశంలో గ్రోనింగెన్ గ్యాస్ క్షేత్రం వల్ల వచ్చిన భూకంపాలకి ఇళ్లు బీటలువారి, చివరికి 2024లో ఆ క్షేత్రాన్ని శాశ్వతంగా మూసేశారు. అక్కడ ఇది పుస్తకాల ప్రశ్న కాదు. నేను మన ఊరి సంగతి చెప్పాను. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ దగ్గర భూగర్భంలో 60 వేల టన్నుల ఎల్‌పీజీ నిల్వ చేసే గుహ ఉంది, సముద్రమట్టానికి 196 మీటర్ల లోతున. ముడిచమురుకి 13.3 లక్షల టన్నుల నిల్వ గుహ వేరే ఉంది. రాతిని తొలిచి, లోపల స్టీలు పొర ఏమీ లేకుండా వదిలిన గుహలివి. చుట్టూ రాతి పగుళ్లలో ఉన్న నీటి పీడనం లోపలి గ్యాస్ పీడనంకంటే ఎక్కువ ఉండేలా పైనుంచి బోర్ల ద్వారా నీళ్లు అందిస్తూనే ఉంటారు, కాబట్టి నీరు లోపలికి ఊరుతుంది తప్ప గ్యాస్ బయటికి రాదు. ఇది ఇంట్లోవాళ్లకి చెబితే వాళ్లు అడిగే మొదటి మాట "ఆ నీళ్లు తగ్గిపోతే?" అని. మంచి ప్రశ్న అది, ఇంజనీర్లు రోజూ కొలిచేదీ అదే. ఊరివాళ్లతో కూడా ఏం కొలుస్తున్నామో, ఏ అంకె దాటితే ఆపుతామో ముందే చెప్పి, ఆ అంకెలు అందరికీ కనిపించేలా పెట్టాలని అన్నాను. సొంత ఊరి భూగర్భం గురించి తెలుసుకుని వెళ్లండి. మనకంటే బాగా దాన్ని ఎవరూ చెప్పలేరు.

ఏప్రిల్ మూడో వారంలో రిఫరీలకి మెయిల్ వెళ్లింది. ఉత్తరం అడగలేదు, పది నిమిషాల వీడియో కాల్ అడిగారు. మేడమ్‌కి వెంటనే ఫోన్ చేశాను, రెండు రోజుల్లో మాట్లాడేశారు. మే 6న ప్రొఫెసరు స్వయంగా ఫోన్ చేసి పోస్టు ఇస్తున్నామన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా సహించలేదు, సంతోషంతోనే. అధికారిక పత్రం వచ్చింది మాత్రం మూడు వారాల తర్వాత.

ఇక్కడి నుంచి కాగితాలు. ఇంటర్వ్యూల కంటే ఇవే ఎక్కువ కాలం తిన్నాయి. దరఖాస్తు పెట్టిన రోజే వీటిని మొదలుపెట్టడం తెలివైన పని. పోస్టు రాకపోయినా ఇవి వృథా కావు.

మొదటిది ఒరిజినల్ డిగ్రీ. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టొచ్చు కానీ కాంట్రాక్టుకి ఒరిజినల్ కావాలి. ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాక నెలకి పైగా పట్టింది, వెళ్లి అడిగితేగానీ ఫైలు కదలలేదు.

రెండోది పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక పొడి అక్షరం. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. డిగ్రీలో మళ్లీ పొడి అక్షరం. అక్కడ అంతా పాస్‌పోర్టు ప్రకారమే నడుస్తుంది. మూడు పత్రాల్లోని పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించాను, ఐదు వందల రూపాయల్లోపు అయింది. హెచ్ఆర్ దాన్ని ఒప్పుకున్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు ముందే దాన్ని సరిచేయించుకోవడం మంచిది, దానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

మూడోది పుట్టిన తేదీ సర్టిఫికెట్, అన్నిటికంటే ముఖ్యమైనది. వీసాకి అడగరు. అక్కడ దిగాక మున్సిపాలిటీలో నమోదు చేసుకునేటప్పుడు అడుగుతారు, అపోస్టిల్‌తో (పత్రం విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం చేసే ధ్రువీకరణతో) సహా. నాది చేతిరాతతో ఉన్న పాత తెలుగు కాగితం. ఇంగ్లీషులో ఉంటే అనువాదం అక్కర్లేదు, కాబట్టి కంప్యూటర్ కాపీ తీసుకున్నాను. కొత్త కాపీ చేతికి రాగానే తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టుతో పోల్చి చూడండి. తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దించాలి, అపోస్టిల్ అయ్యాక దిద్దడమంటే మొదటికి రావడమే. పుట్టుక నమోదే కాని వాళ్లకి ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించుకోవడం తప్పదు, దానికి నెలలు లెక్కేసుకోండి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ పైన విదేశాంగ శాఖ అపోస్టిల్. శాఖ నేరుగా కాగితాలు తీసుకోదు, గుర్తింపు పొందిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. శాఖ రుసుము పత్రానికి 50 రూపాయలే. ఏజెంట్లు మాత్రం రెండు పత్రాలకి కలిపి నా దగ్గర సుమారు ఏడు వేలు తీసుకున్నారు. మూడు చోట్ల ధర అడిగి చూస్తే ఒకరికొకరికి రెట్టింపు తేడా ఉంది. పని పూర్తవడానికి ఐదు వారాలు.

నివాస అనుమతికి దరఖాస్తు విశ్వవిద్యాలయమే పెట్టింది, రుసుమూ వాళ్లే కట్టారు. జూన్ మధ్యలో పెడితే జూలై రెండో వారంలో అనుమతి వచ్చింది. ఆ నిర్ణయం వచ్చిన మూడు నెలల్లోపు వీసా స్టిక్కరు వేయించుకోవాలి, స్టిక్కరు వేసిన తర్వాత 90 రోజులు చెల్లుతుంది. కాబట్టి చేరే తేదీని బట్టి వెనక్కి లెక్కేసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. నాకు హైదరాబాద్ వీసా కేంద్రంలో ఆగస్టు మొదటి వారంలో దొరికింది. పొద్దున్నే వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో ఉంటాం. ముందురోజు వెళ్లి పడుకుని, పొద్దుటి అపాయింట్‌మెంటుకి వెళ్లడమే మంచిది. లోపల పని అరగంట. ఫోటో కొలతలు అక్కడి నిబంధనలకి సరిపోక చాలామందిని మళ్లీ తీయించుకోమన్నారు. క్షయ పరీక్ష చేయించుకుంటానని ఒప్పుకునే ఫారం కూడా సంతకం చేయాలి, పరీక్ష దిగిన తర్వాత ఉంటుంది.

డబ్బు గురించి. మొదటి జీతం నెల చివరి వారంలో పడుతుంది, అది కూడా మున్సిపాలిటీ ఇచ్చే పౌర సంఖ్య ఉంటేనే సవ్యంగా. ఆ సంఖ్య లేకపోతే జీతంలో 52 శాతం పన్నుగా మినహాయిస్తారు. ఆ సంఖ్య రావాలంటే ఇంటి చిరునామా మీద నమోదు కావాలి. కొందరు ఇంటివాళ్లు గది ఇస్తారు కానీ ఆ చిరునామా మీద నమోదుకి ఒప్పుకోరు. అలాంటి గది ఎంత చవకైనా వద్దు. నాకు కుదిరిన గది అద్దె 750 యూరోలు, డిపాజిట్ ఒక నెలది. చట్టప్రకారం రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్ అడగకూడదు. గది చూడకుండా ముందే డబ్బు పంపమనే ప్రకటనలు చాలా వస్తాయి, వాటిని వదిలేయండి. ఆరోగ్య బీమా నెలకి సుమారు 160 యూరోలు, దిగిన నాలుగు నెలల్లోపు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకున్నా మొదటి రోజు నుంచీ కట్టాలి. వీటన్నిటి లెక్కన రెండు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, మూడు లక్షలు దగ్గర పెట్టుకోవడం సబబు.

ఊరటనిచ్చే మాట ఒకటి. విదేశాల నుంచి తీసుకున్న పరిశోధకులకి జీతంలో 30 శాతం దాకా పన్ను లేకుండా ఇచ్చే వెసులుబాటు ఉంది, 2027 నుంచి అది 27 శాతం. పరిశోధకులకి కనీస జీతం షరతు లేదు. చేరిన నాలుగు నెలల్లోపు దరఖాస్తు పెడితేనే మొదటి రోజు నుంచి వర్తిస్తుంది, ఆలస్యమైతే పోయిన నెలలు తిరిగిరావు. ఇది హెచ్ఆర్ తనంతట తాను మొదలుపెట్టకపోవచ్చు, అడగాలి. నేను జూలైలోనే మెయిల్ పెట్టి అడిగితే ఫారం పంపారు.

అక్టోబరు 1న చేరాలి. మున్సిపాలిటీ అపాయింట్‌మెంట్ ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను, సెప్టెంబరు చివర్లో అడిగితే నవంబరు దాకా ఖాళీ ఉండదని అక్కడి విద్యార్థులు హెచ్చరించారు. ఒరిజినల్ డిగ్రీ, అపోస్టిల్ చేసిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, కాంట్రాక్టు, అనుమతి ఉత్తరం, అద్దె ఒప్పందం చేతి సంచీలోనే పెట్టుకోవాలి. విశాఖ నుంచి విమానం మారి వెళ్తాం కాబట్టి పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యంగా చేరినా ఆ అపాయింట్‌మెంట్ పోకూడదు.